ప్రైవేటు ప్రాథమిక పాఠశాల (తల్లిదండ్రులకు సమాచారం)

ప్రైవేటు ప్రాథమిక పాఠశాల అనగా ప్రభుత్వము గాని స్థానిక సంస్థలు గాని కాక వ్యక్తులు, సొసైటీలు లేదా ట్రస్టులు నడుపుచు 1 నుండి 5వ తరగతి వరకు బోధించే పాఠశాల. వీటిలో ప్రభుత్వ నిధులు పొందేవి ఎయిడెడ్ పాఠశాలలు. నిధులు పొందక, పిల్లల నుండి వసూలు చేసే రుసుములతోనే నడిచేవి అన్-ఎయిడెడ్ పాఠశాలలు. వాడుకలో ప్రైవేటు బడి అన్నపుడు రెండవ రకమునే ఉద్దేశిస్తారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ పాఠశాలలలో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు తెలుసుకొనవలసిన నిబంధనలు, పత్రాలు, ఖర్చులు ఈ వ్యాసంలో వివరింపబడినవి.

తెలుగునాట ఆంగ్ల మాధ్యమ ప్రైవేటు బడిని "కాన్వెంటు" అని పిలవడం అలవాటు. కాన్వెంటు అంటే క్రైస్తవ సన్యాసినుల మఠం. వారు నడిపిన బడులకు వచ్చిన పేరు క్రమంగా వీధి చివర రెండు గదులలో నడిచే బడికి కూడా వచ్చింది. 1980ల తరువాత పట్టణాలలో, 1990ల తరువాత మండల కేంద్రాలలోను పెద్ద గ్రామాలలోను ఇవి విస్తరించాయి. బడి యజమానిని, లేదా యాజమాన్యం తరఫున వ్యవహరించే వ్యక్తిని "కరస్పాండెంటు" అంటారు. ప్రధానోపాధ్యాయుడు వేరు, కరస్పాండెంటు వేరు. రుసుముల విషయం మాట్లాడవలసినది రెండవవారితో, చదువు విషయం మాట్లాడవలసినది మొదటివారితో. చిన్న బడులలో ఇద్దరూ ఒకరే కావడం తరచుగా చూస్తాము.

గుర్తింపు

రెండు రాష్ట్రాలలోను ప్రైవేటు పాఠశాలలకు ఆధారమైన చట్టం ఆంధ్ర ప్రదేశ్ విద్యా చట్టం, 1982. దీని ప్రకారం పాఠశాల ప్రారంభించడానికి అనుమతి, నడపడానికి గుర్తింపు అనే రెండు మెట్లు ఉన్నవి. 1994 జనవరి 1న వెలువడిన జి.ఓ. నెం. 1 ద్వారా ప్రైవేటు పాఠశాలల స్థాపన, గుర్తింపు, పరిపాలనలకు వివరమైన నియమాలు ఏర్పడినవి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, 2009 కూడా గుర్తింపు లేకుండా పాఠశాల నడపరాదని చెపుతున్నది. అట్లు నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా, ఆ తరువాత కూడా కొనసాగిస్తే రోజుకు 10,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

గుర్తింపు శాశ్వతం కాదు. నిర్ణీత కాలానికి ఇవ్వబడుతుంది, గడువు తీరిన పిదప పునరుద్ధరించుకోవాలి. కనుక కార్యాలయం గోడకు కట్టిన పటంలో గుర్తింపు పత్రం కనిపించినంత మాత్రాన సరిపోదు. ఏ తేదీ వరకు, ఏ తరగతులకు, ఏ మాధ్యమానికి, ఏ చిరునామాకు అన్న నాలుగు విషయాలు అందులో చదవాలి. ఒక సంస్థకు పలు శాఖలు ఉన్నపుడు ప్రతి శాఖకు విడిగా గుర్తింపు ఉండాలి. ఒక ఊరిలో గుర్తింపు ఉన్నదని పక్క ఊరిలో అదే పేరుతో పెట్టిన శాఖకు అది వర్తించదు.

"సి.బి.ఎస్.ఇ. సిలబస్" అని బోర్డు మీద వ్రాయడం వేరు, సి.బి.ఎస్.ఇ. అనుబంధం కలిగి ఉండడం వేరు. ఆ బోర్డు ప్రచురించే పుస్తకాలు ఏ పాఠశాల అయినా కొని చదివించవచ్చు. అనుబంధం ఉన్న పాఠశాలకు మాత్రం ఒక అనుబంధ సంఖ్య ఉంటుంది. దానిని బోర్డు వెబ్‌సైటులో సరిచూసుకొనవచ్చును. అట్లే ప్రతి గుర్తింపు పొందిన పాఠశాలకు 11 అంకెల యు-డైస్ సంఖ్య ఉంటుంది. సంఖ్య అడిగితే చెప్పలేని బడి విషయంలో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి.

గుర్తింపు లేని బడి ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా వెంటనే కనిపించదు. బడి నడుస్తూనే ఉంటుంది, పిల్లలు చదువుతూనే ఉంటారు. అయితే అటువంటి బడులు తమ పిల్లల పేర్లను గుర్తింపు ఉన్న మరొక పాఠశాల రిజిస్టరులో నమోదు చేయించి నడుపుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. చదివినది ఒకచోట, కాగితం మీద చదివినట్లున్నది మరొకచోట. దీని పర్యవసానం దిగువ దస్తావేజుల విభాగంలో చూడవచ్చును.

ప్రవేశం

రాష్ట్ర సిలబస్ పాఠశాలలలో ఒకటవ తరగతిలో చేరడానికి చిరకాలంగా 5 సంవత్సరాలు నిండడాన్ని ప్రాతిపదికగా తీసుకుంటూ వచ్చారు. జాతీయ విద్యా విధానం, 2020ని అనుసరించి ఒకటవ తరగతికి 6 సంవత్సరాలు నిండాలని కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు సూచించింది. కేంద్ర బోర్డుల పాఠశాలలకు, రాష్ట్ర బోర్డు పాఠశాలలకు ఈ విషయంలో తేడా ఉండవచ్చు గనుక, ఎల్.కె.జి.లో చేర్చే నాటికే ఒకటవ తరగతి వయస్సును లెక్క వేసుకోవడం మంచిది. తొందరపడి ఒక సంవత్సరం ముందు చేర్చి, ఆ తరువాత వయస్సు చాలడం లేదని పుట్టినతేదీ మార్చి వ్రాయించడం మన ప్రాంతంలో పాత అలవాటు. ఇది ఎంత చెడ్డదో ఆ పిల్లవాడు పెద్దయిన తరువాత గాని తెలియదు.

విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ప్రకారం ప్రవేశానికి పిల్లవానికి గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష లేదా ఇంటర్వ్యూ పెట్టరాదు. అట్లు చేస్తే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారి 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. "డొనేషను" పేరుతో తీసుకొనే కాపిటేషన్ రుసుముకు, తీసుకొన్న మొత్తానికి పది రెట్ల వరకు జరిమానా విధించవచ్చును. కాపిటేషన్ రుసుమును ఆంధ్ర ప్రదేశ్‌లో 1983 నాటి చట్టమే నిషేధించింది. అయినను మూడేళ్ళ పిల్లవానిని కుర్చీలో కూర్చోబెట్టి రంగుల పేర్లు అడగడం, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం వాకబు చేయడం నేటికీ జరుగుతూనే ఉన్నవి. విద్యాహక్కు చట్టం ప్రధానంగా 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు వర్తించేది కావడం వలన నర్సరీ, ఎల్.కె.జి., యు.కె.జి. తరగతుల మీద పర్యవేక్షణ తక్కువ.

ప్రవేశానికి ముఖ్యమైన పత్రం జనన ధ్రువపత్రం. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు పాఠశాల ప్రవేశంలో పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. మున్సిపాలిటీ లేదా పంచాయతీలో జననం నమోదైన నాటికి చాలామంది పిల్లలకు పేరు పెట్టి ఉండరు. ఆ ఖాళీ అట్లే ఉండిపోతుంది. నమోదైన ఒక సంవత్సరం లోపు ఉచితంగా, ఆ తరువాత 15 సంవత్సరాల లోపు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకొనవచ్చును. బడిలో చేర్చే ముందే ఈ పని ముగించుకోవాలి. వయస్సు నిరూపించే పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షను చెపుతున్నది గాని, ఆ రక్షణను చూచి పత్రం తెప్పించుకోవడం వాయిదా వేయరాదు.

దస్తావేజులు

పదవ తరగతి పరీక్షకు నామినల్ రోల్స్ తయారుచేసే రోజులలో దాదాపు ప్రతి ఉన్నత పాఠశాలలోను ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒక తండ్రి చేతిలో ఆధార్ కార్డు, జనన ధ్రువపత్రం, బదిలీ పత్రం పట్టుకొని నిలబడి ఉంటాడు. మూడింటిలో మూడు పేర్లు. ఒకదానిలో ఇంటిపేరు ముందు, ఒకదానిలో వెనుక, ఒకదానిలో అసలు లేదు. "లక్ష్మి" ఆంగ్లంలో మూడు విధాలుగా వ్రాయబడి ఉంటుంది. ఈ తప్పు పదవ తరగతిలో పుట్టినది కాదు. ఒకటవ తరగతిలో చేర్చిన నాడు దరఖాస్తును ఎవరో తొందరగా నింపినపుడు పుట్టినది. ప్రాథమిక పాఠశాల ప్రవేశ రిజిస్టరులో వ్రాసిన పేరు, పుట్టినతేదీ అక్కడి నుండి ఉన్నత పాఠశాలకు, అక్కడి నుండి పదవ తరగతి సర్టిఫికెట్‌కు చేరుతాయి. పదవ తరగతి సర్టిఫికెట్ ముద్రణ అయిన తరువాత మార్పు చేయించడం చాలా కష్టం. పాస్‌పోర్టు, ఉద్యోగం, పదవీ విరమణ వరకు ఆ తేదీయే వెంట వస్తుంది.

కాబట్టి ప్రవేశ దరఖాస్తును తల్లిదండ్రులే నింపాలి. చదువు రానివారు తెలిసినవారి చేత నింపించి, జనన ధ్రువపత్రంతో అక్షరం అక్షరం పోల్చి చూపించమని అడగాలి. చేరిన వారం రోజులలో ప్రవేశ రిజిస్టరులోని నమోదును చూపించమని కోరవచ్చును. తప్పు ఉంటే ఆ దశలో సరిచేయడం తేలిక.

విద్యార్థి వివరాలు నేడు యు-డైస్ ప్లస్ అనే దేశవ్యాప్త పట్టికలో కూడా నమోదవుతున్నవి. ప్రతి విద్యార్థికి ఒక శాశ్వత విద్యా సంఖ్య ఇవ్వబడుతుంది. దీనికి తోడు తల్లిదండ్రుల అంగీకారంతో 12 అంకెల అపార్ సంఖ్య కూడా ఇస్తున్నారు. బడి మారినపుడు పాత బడివారు ఆ పట్టికలో విద్యార్థి పేరును విడుదల చేస్తేనే కొత్త బడివారు తమ జాబితాలో చేర్చుకోగలరు. బదిలీ పత్రం చేతికి వచ్చినా ఈ పని జరగక, పిల్లవాడు రెండు నెలలు ఏ బడి జాబితాలోను లేకుండా ఉండే సందర్భాలు ఉన్నవి. టి.సి. తీసుకొనే రోజుననే దీనిని అడగాలి.

అన్నింటికంటె ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది స్టడీ సర్టిఫికెట్. ఫలానా విద్యార్థి ఫలానా సంవత్సరం ఫలానా తరగతి ఇక్కడ చదివినాడని పాఠశాల ఇచ్చే ధ్రువపత్రం ఇది. రెండు తెలుగు రాష్ట్రాలలో ఉన్నత విద్యలోను, ప్రభుత్వ ఉద్యోగాలలోను స్థానికతను నిర్ణయించడానికి చదువుకొన్న ప్రదేశం ఆధారంగా ఉంటూ వచ్చింది. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉద్యోగ నియామకాలకు 1 నుండి 7వ తరగతి వరకు చదివిన ప్రాంతాన్ని పరిగణిస్తారు. అంటే ఆరేళ్ళ పిల్లవాడు కూర్చున్న బడి, ఇరవై ఏళ్ళ తరువాత అతడు ఏ జిల్లాకు స్థానికుడో చెప్పవలసి వస్తుంది. గుర్తింపు లేని బడిలో చదివి మరొక మండలంలోని బడి రిజిస్టరులో పేరు ఉన్న పిల్లవాని చిక్కు ఇక్కడ బయటపడుతుంది.

చిన్న ప్రైవేటు బడులు మూతపడడం అరుదు కాదు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వలన పాఠశాలలు నెలల తరబడి మూసివేయబడినపుడు రుసుములు రాక చాలా బడులు నిలదొక్కుకోలేకపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం సహాయంగా ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితిని ఊహించవచ్చును. మూతపడిన బడి రిజిస్టర్ల కొరకు మండల విద్యాశాఖ కార్యాలయంలో గాని జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో గాని వెదకవలసి ఉంటుంది. అవి అక్కడికి చేరి ఉంటే అదృష్టమే. అందువలన ప్రతి సంవత్సరం ఏప్రిల్‌లో, బడి నడుస్తూ ఉన్నపుడే, ముద్ర మరియు సంతకంతో స్టడీ సర్టిఫికెట్ తీసుకొని ప్రోగ్రెస్ కార్డుతో కలిపి భద్రపరచుకోవాలి. దీనికి పట్టే సమయం పది నిమిషాలు.

రుసుములు

ప్రైవేటు పాఠశాల రుసుములను అదుపు చేయడానికి ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలలో చాలా భాగం న్యాయస్థానాలలో నిలువలేదు. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2009, 2010 సంవత్సరాలలో వెలువడిన ఉత్తర్వులు హైకోర్టులో సవాలు చేయబడినవి. విభజన తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో 2019 చట్టం ద్వారా పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఏర్పడింది. ఈ కమిషన్ సిఫారసుపై 2021 ఆగష్టులో గ్రామాలకు, పట్టణాలకు, నగరాలకు వేర్వేరుగా రుసుములు నిర్ణయిస్తూ ఇచ్చిన ఉత్తర్వును అదే సంవత్సరం డిసెంబరులో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణలో 2017లో ఆచార్య తిరుపతిరావు అధ్యక్షతన ఒక సంఘం రుసుముల విషయం పరిశీలించి నివేదిక సమర్పించింది. కోవిడ్ కాలంలో మాత్రం తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన 46వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆ సంవత్సరానికి రుసుము పెంచరాదని, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలవారీగా తీసుకోవాలని ఆదేశించింది.

1994 నాటి జి.ఓ. నెం. 1 నియమాలలో తల్లిదండ్రులకు పెద్దగా తెలియని సంగతులు రెండు ఉన్నవి. ఒకటి, ప్రతి పాఠశాలకు పాలకమండలి ఉండాలి, రుసుముల నిర్ణయం అక్కడ జరగాలి, అందులో తల్లిదండ్రులకు ప్రాతినిధ్యం ఉండాలి. రెండు, వసూలైన రుసుము ఎట్లు ఖర్చు చేయాలో కూడా చెప్పబడినది: యాజమాన్యానికి 5 శాతం, సిబ్బంది జీతాలకు 50 శాతం, నిర్వహణకు 15 శాతం, అభివృద్ధికి 15 శాతం, భవిష్యనిధి, గ్రాట్యుటీ వంటి సిబ్బంది ప్రయోజనాలకు 15 శాతం. వసూలైన ప్రతి రూపాయిలో అర్ధరూపాయి ఉపాధ్యాయుని జీతానికి చేరే బడిని వెదికి చూడవచ్చును. ఒక తరగతిలోని పిల్లల సంఖ్యను రుసుముతో హెచ్చించి, ఆ తరగతి టీచరు జీతంతో పోల్చి చూస్తే ఎవరికైనా లెక్క తెలుస్తుంది. జీతం చాలక ఏటా టీచరు మారిపోయే బడిలో నష్టపోయేది పిల్లవాడే.

చేర్చే ముందు చెప్పే రుసుము సాధారణంగా ట్యూషన్ ఫీజు మాత్రమే. ప్రవేశ రుసుము, పరీక్ష రుసుము, కంప్యూటరు రుసుము, పుస్తకాలు, నోటుపుస్తకాలు, రెండు రకాల యూనిఫారం, బూట్లు, టై, బెల్టు, వార్షికోత్సవం, విహారయాత్ర, బస్సు అన్నీ కలిపితే మొదటి అంకెకు దూరంగా ఉంటుంది. కనుక "సంవత్సరానికి మొత్తం ఎంత" అని అడిగి, కాగితం మీద వ్రాయించుకోవాలి. పోయిన మూడేళ్ళలో ఎంత పెంచారో పై తరగతి పిల్లల తల్లిదండ్రులను అడగడం కరస్పాండెంటును అడగడం కంటె మేలు. పుస్తకాలు, యూనిఫారం బడిలోనే కొనాలని, లేదా ఫలానా దుకాణంలోనే కొనాలని ఒత్తిడి చేయరాదని జిల్లా విద్యాశాఖాధికారులు పలు సంవత్సరాలలో జూన్ నెలకు ముందు ఆదేశాలు ఇస్తూ వచ్చారు.

చెల్లించిన ప్రతి మొత్తానికి పాఠశాల పేరు, తేదీ, పద్దు వ్రాసిన రశీదు తీసుకోవాలి. తెల్లకాగితం మీద, లేదా డైరీలో వేసిన సంతకం రశీదు కాదు. ఆదాయపు పన్నులో పాత విధానాన్ని ఎంచుకొన్నవారికి ఇద్దరు పిల్లల వరకు ట్యూషన్ ఫీజుపై మినహాయింపు లభిస్తుంది. అభివృద్ధి రుసుము, డొనేషను, బస్సు చార్జీలకు ఇది వర్తించదు. రశీదులో పద్దులు విడివిడిగా ఉండాలనడానికి ఇది మరొక కారణం.

రుసుము బకాయి ఉన్నదని బదిలీ పత్రం నిలిపివేయడం తరచుగా వినే ఫిర్యాదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షను ప్రకారం ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రాన్ని వెంటనే ఇవ్వాలి. ప్రభుత్వ లేదా ఎయిడెడ్ పాఠశాలలో చేరడానికి అది ఆలస్యమైనదన్న కారణం అడ్డు కారాదు. బకాయి బకాయిగానే ఉంటుంది, దానిని వసూలు చేసుకొనే దారి యాజమాన్యానికి వేరుగా ఉన్నది. పిల్లవాని చదువు దానికి తాకట్టు కాదు.

25 శాతం సీట్లు మరియు ప్రభుత్వ సహాయం

విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) నిబంధన ప్రకారం ప్రైవేటు అన్-ఎయిడెడ్ పాఠశాలలు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లను బలహీన వర్గాల, ప్రతికూల పరిస్థితులలోని పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. దీనిని సుప్రీం కోర్టు 2012 ఏప్రిల్ 12న సమర్థించింది. అల్పసంఖ్యాక వర్గాల పాఠశాలలకు ఈ చట్టం వర్తించదని 2014 మే 6న తీర్పు ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్ర నియమాలలో ఈ 25 శాతాన్ని అనాథలు, హెచ్.ఐ.వి. బాధితులు, వికలాంగులైన పిల్లలకు 5, షెడ్యూల్డు కులాలకు 10, షెడ్యూల్డు తెగలకు 4, ఇతర బలహీన వర్గాలకు 6గా విభజించారు. చట్టం వచ్చిన తరువాత పుష్కర కాలం గడచి, ఆంధ్ర ప్రదేశ్‌లో 2022-23 విద్యా సంవత్సరం నుండి ఒకటవ తరగతిలో ఈ ప్రవేశాలు ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీ పద్ధతిలో మొదలైనవి. తెలంగాణలో చాలాకాలం అమలు కాలేదు. ప్రకటన వేసవిలో వెలువడుతుంది, గడువు తక్కువగా ఉంటుంది. కుల, ఆదాయ, నివాస పత్రాలు ముందే సిద్ధం చేసుకొన్నవారికే సీటు దొరికే అవకాశం.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 జనవరిలో ప్రారంభమైన అమ్మ ఒడి పథకం, 2025 జూన్‌లో ప్రారంభమైన తల్లికి వందనం పథకం రెండూ ప్రైవేటు పాఠశాల విద్యార్థుల తల్లులకు కూడా వర్తించినవి. మధ్యాహ్న భోజనం మాత్రం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకే.

చదువు, బోధనా మాధ్యమం

ప్రైవేటు బడిలో చదువు బాగుంటుందన్న నమ్మకం మీదనే తల్లిదండ్రులు అప్పు చేసియైనా పిల్లలను చేర్పిస్తారు. ఈ నమ్మకాన్ని పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం మన రాష్ట్రంలోనే జరిగింది. 2008లో మొదలై నాలుగేళ్ళు సాగిన ఈ ప్రయోగంలో ఐదు జిల్లాల లోని 180 గ్రామాలలో ప్రభుత్వ బడి పిల్లలలో కొందరికి లాటరీ వేసి ప్రైవేటు బడిలో చదవడానికి రుసుము చెల్లించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగేళ్ళ తరువాత తెలుగు, లెక్కలలో ఈ పిల్లలకు, లాటరీ తగలక ప్రభుత్వ బడిలోనే ఉన్నవారికి చెప్పుకోదగిన తేడా లేదు. హిందీలో మాత్రం వీరు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, లెక్కలకు తక్కువ సమయం కేటాయించి, ఆ సమయాన్ని ఇతర విషయాలకు వినియోగించాయని, ఒక్కొక్క పిల్లవానిపై ప్రభుత్వ బడి పెట్టే ఖర్చులో మూడవ వంతు కంటె తక్కువతోనే ఇది సాధించాయని కూడా వారు గుర్తించారు. ఇందులో రెండు పక్షాలవారికీ నచ్చే సంగతులు ఉన్నవి, నచ్చని సంగతులూ ఉన్నవి. తల్లిదండ్రులకు పనికివచ్చేది ఒకటే: బడి ప్రైవేటుదా ప్రభుత్వానిదా అన్న దానిని బట్టి పిల్లవానికి చదవడం వచ్చునో రాదో చెప్పలేము.

అది తెలుసుకొనే ఉపాయం సులభమైనది. 2005 నుండి ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో జరుగుతున్న అసర్ సర్వేలో పిల్లల చేత రెండవ తరగతి స్థాయి చిన్న కథ చదివిస్తారు, అప్పు తెచ్చుకొనే తీసివేత, భాగహారం చేయిస్తారు. ఇదే ఇంటివద్ద చేయవచ్చును. మూడవ తరగతి పిల్లవాని చేత అతడు ఇంతకుముందు చూడని రెండవ తరగతి పేరాను తెలుగులో ఒకటి, ఆంగ్లంలో ఒకటి చదివించి, అర్థం అతని మాటలలో చెప్పించాలి. బడి పుస్తకంలో పాఠం చదివించి ప్రయోజనం లేదు, అది కంఠస్థం అయి ఉంటుంది. ప్రోగ్రెస్ కార్డులో 95 మార్కులు ఉండి, కొత్త పేరా చదవలేని పిల్లలు తక్కువేమీ కాదు.

ఇంట్లో ఆంగ్లం వినిపించని పిల్లవాడు మొదటిరోజు నుండి ఆంగ్ల మాధ్యమంలో కూర్చుంటే రెండు పనులు ఒకేసారి చేయవలసి ఉంటుంది: భాష నేర్చుకోవడం, ఆ భాషలో విషయం నేర్చుకోవడం. మాతృభాష మాధ్యమంగా ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పినా, "సాధ్యమైనంత వరకు" అన్న మాట చేర్చి వదిలివేసింది. ఇంట్లో తెలుగు కథల పుస్తకాలు చదివించడం వలన ఆంగ్లం వెనుకబడదు. ఒక భాషలో చదవడం వచ్చిన పిల్లవానికి రెండవ భాష త్వరగా వస్తుంది. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని తల్లిదండ్రులకు చెప్పే బడులు, రాని భాషలో తల్లి పిల్లవానితో ఏమి మాట్లాడగలదో ఆలోచించడం లేదు. తెలంగాణలో 2018 చట్టం ద్వారా అన్ని పాఠశాలలలోను తెలుగు బోధన తప్పనిసరి చేయబడినది. 2018-19లో 1, 6 తరగతులతో ఇది మొదలైనది.

విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుండి 5 తరగతులకు 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, సంవత్సరానికి కనీసం 200 పనిదినాలు ఉండాలి. ఉపాధ్యాయులకు డి.ఇడి. వంటి ప్రాథమిక విద్యా శిక్షణ, టెట్ అర్హత ఉండాలి. తమ పిల్లల టీచరు అర్హత ఏమిటని అడగడం అమర్యాద కాదు.

సంచి బరువు, ఇంటిపని

పుస్తకాల సంచి గురించి 1993లో యశ్‌పాల్ కమిటీ నివేదిక వ్రాసినప్పటి నుండి చర్చ జరుగుతూనే ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2017లో 1, 2 తరగతులకు 1.5 కిలోలు, 3 నుండి 5 తరగతులకు 2 నుండి 3 కిలోలుగా పరిమితి విధించింది. కేంద్ర ప్రభుత్వ సంచి విధానం, 2020 ప్రకారం సంచి బరువు పిల్లవాని బరువులో పదవ వంతుకు మించరాదు, రెండవ తరగతి వరకు ఇంటిపని ఇవ్వరాదు. వంటింటి కాటాతో ఒకసారి తూచి చూస్తే నిబంధనకు, వాస్తవానికి గల దూరం తెలుస్తుంది. బరువులో ఎక్కువ భాగం ఆ రోజు అవసరం లేని నోటుపుస్తకాలదే. టైంటేబులు అడిగి తీసుకొని రాత్రి సంచి సర్దించడం తల్లిదండ్రుల చేతిలో ఉన్న పని.

రవాణా, భద్రత

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న పాఠశాల బస్సును నాందేడ్ ప్యాసింజరు రైలు ఢీకొని పదహారు మందికి పైగా చిన్నారులు మరణించారు. బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలా లేని గేట్లను 2019 నాటికి తొలగించారు గాని, బస్సు నడిపే మనిషి ఎవరన్న ప్రశ్న మిగిలే ఉన్నది. 1997లో సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం పాఠశాల బస్సుకు పసుపు రంగు, కిటికీలకు అడ్డ కడ్డీలు, ప్రథమ చికిత్స పెట్టె, అగ్నిమాపక పరికరం, వేగ నియంత్రిక, గట్టి తాళం ఉన్న తలుపులు, పాఠశాల పేరు, ఫోను నంబరు ఉండాలి. డ్రైవరుకు కనీసం 5 సంవత్సరాల అనుభవం, బస్సులో ఒక సహాయకుడు ఉండాలి. వేసవి సెలవులలో రవాణాశాఖ చేసే సామర్థ్య పరీక్ష పత్రాన్ని జూన్‌లో చూపించమని అడగవచ్చును. తల్లిదండ్రులే మాట్లాడుకొనే ఆటోలకు ఈ తనిఖీ వర్తించదు. ఎంతమంది ఎక్కుతున్నారో, డ్రైవరు పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఒకరోజు దారిలో నిలబడి చూడాలి.

తమిళనాడులోని కుంభకోణంలో 2004 జులై 16న గడ్డికప్పు ఉన్న ఒక ప్రైవేటు పాఠశాలలో అగ్నిప్రమాదం జరిగి 94 మంది పిల్లలు మరణించారు. ఆ తరువాత 2009లో పాఠశాలల అగ్నిప్రమాద భద్రత గురించి సుప్రీం కోర్టు దేశమంతటికి ఆదేశాలిచ్చింది. తల్లిదండ్రులు చూడవలసినవి మెట్లు ఎన్ని, వాటి వెడల్పు ఎంత, పై అంతస్తు నుండి దిగడానికి రెండవ దారి ఉన్నదా, గేటుకు లోపల నుండి తాళం వేస్తున్నారా అన్నవి. అపార్టుమెంటును బడిగా మార్చిన చోట ఇవి మరీ ముఖ్యం. మరుగుదొడ్లను చేరిన తరువాత కాక, చేర్చే ముందు, మధ్యాహ్న విరామం తరువాత చూడాలి.

దండన

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2002 ఫిబ్రవరిలో విద్యా నియమాలను సవరించి శారీరక దండనను నిషేధించారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. రుసుము కట్టలేదని తరగతి బయట నిలబెట్టడం, పరీక్ష వ్రాయనీయకపోవడం మానసిక వేధింపులోనికే వస్తాయి. "రెండు తగిలించండి సార్" అని చెప్పే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. ఆ అనుమతి ఇచ్చే అధికారం తల్లిదండ్రులకు కూడా లేదు. పిల్లవాడు బడికి పోనని ఏడవడం, కడుపునొప్పి అనడం, పక్క తడపడం కొత్తగా మొదలైతే ముందుగా వినవలసినది పిల్లవాని మాట. ఆపదలో ఉన్న పిల్లల కొరకు 1098 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును.

ఫిర్యాదు

ఫిర్యాదును మొదట ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్లు సంతకం తీసుకోవాలి. పరిష్కారం కాకపోతే మండల విద్యాశాఖాధికారికి, ఆ పైన జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వవచ్చును. సోమవారాలలో కలెక్టరు కార్యాలయంలో జరిగే అర్జీల స్వీకరణలో కూడా ఇవ్వవచ్చు. పిల్లల హక్కులకు భంగం కలిగిన విషయాలను రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ విచారిస్తుంది. పిల్లవాడు అదే బడిలో చదువుతున్నాడన్న భయంతో చాలామంది ఫిర్యాదు చేయరు. పది మంది తల్లిదండ్రులు కలసి ఒకే అర్జీ మీద సంతకం చేయడం ఈ భయానికి పనిచేసిన ఉపాయం.

పాఠశాల గుర్తింపు ఉత్తర్వు నకలును యాజమాన్యం చూపించకపోతే, సమాచార హక్కు చట్టం, 2005 కింద విద్యాశాఖ కార్యాలయం నుండి పొందవచ్చును. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2005లో ఏర్పరచిన రుసుముల ప్రకారం దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయి కార్యాలయంలో 5 రూపాయలు, ఆ పై కార్యాలయాలలో 10 రూపాయలు. దరఖాస్తులో పాఠశాల పేరు, వీధి, యు-డైస్ సంఖ్య వ్రాసి, ఏ విద్యా సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు గుర్తింపు ఉన్నదో, ఏ తరగతులకు ఉన్నదో అడగాలి. జవాబు 30 రోజులలో రావాలి. ఏప్రిల్ మొదటి వారంలో దరఖాస్తు పెడితే జూన్ 12న బడులు తెరిచే నాటికి జవాబు చేతిలో ఉంటుంది.